చేదులోని మేలెంత?

పాఠ్యభాగ ఉద్దేశం

ఆహారపదార్థాల గుణదోషాలను గురించి నిత్యం అనేక వార్తలు వెలువడుతుంటాయి. వాటిలో నమ్మదగినది ఏదో, నమ్మరానిది ఏదో వివేచించగల శక్తిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం. డార్క్ చాక్లెట్ ఆరోగ్యానికి మంచిదన్న ప్రచారాన్ని ఉదాహరణగా తీసుకొని, ఒక నమ్మకం శాస్త్రీయ సత్యంగా నిలబడడానికి ఎన్ని పరీక్షలకు నిలవవలసి ఉంటుందో ఈ వ్యాసం తెలియజేస్తుంది.

పాఠ్యభాగం

చేదుగా ఉన్నది ఒంటికి మంచిదన్న విశ్వాసం తెలుగువారిలో చిరకాలంగా పాతుకొని ఉంది. ఉగాది పచ్చడిలో వేపపువ్వు వేయడం, మధుమేహం ఉన్నవారు కాకరకాయను, మెంతులను ఏరికోరి తినడం ఈ విశ్వాసానికి నిదర్శనాలు. ఇటీవలి కాలంలో ఈ వరుసలోకి విదేశీయమైన మరొక పదార్థం వచ్చి చేరింది. అదే డార్క్ చాక్లెట్. రక్తపోటును తగ్గిస్తుందనీ, గుండెను కాపాడుతుందనీ, బరువు తగ్గడానికి తోడ్పడుతుందనీ, జ్ఞాపకశక్తిని పెంచుతుందనీ దీనిని గురించి విస్తృతంగా ప్రచారం జరుగుతోంది. తీపి పదార్థాలను దూరంగా ఉంచేవారు కూడా ఇది ఆరోగ్యం కోసమే అన్న ధైర్యంతో దీనిని కొంటున్నారు. ఈ ధైర్యానికి ఆధారం ఎంత ఉన్నదో పరిశీలించవలసిన అవసరం ఉంది.

ముందుగా చాక్లెట్ అంటే ఏమిటో స్పష్టం చేసుకోవాలి. మన ఊళ్లలో పిల్లలు చప్పరించే ప్రతి బిళ్లనూ చాక్లెట్ అనే పిలుస్తారు. పంచదార పాకంతో చేసిన బిళ్లకు, అసలైన చాక్లెట్‌కు సంబంధం లేదు. అసలైన చాక్లెట్ కోకో గింజల నుండి తయారవుతుంది. కోకో గింజల పొడి, వాటి నుండి తీసిన కోకో వెన్న, పంచదార ఇందులోని ప్రధాన ద్రవ్యాలు. వీటికి పాలపొడి చేరిస్తే మిల్క్ చాక్లెట్ అవుతుంది. పాలపొడి లేకుండా, కోకో పాలు ఎక్కువగా, పంచదార పాలు తక్కువగా ఉన్నదానిని డార్క్ చాక్లెట్ అంటారు. కోకో పొడి లేకుండా కోకో వెన్న, పాలు, పంచదారలతో చేసినది వైట్ చాక్లెట్.

గింజ నుండి బిళ్ల వరకు

కోకో చెట్టు శాస్త్రీయనామం థియోబ్రోమా కకావో. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ 1753లో పెట్టిన ఈ పేరులోని మొదటి పదానికి గ్రీకు భాషలో ‘దేవతల ఆహారం’ అని అర్థం. దక్షిణ, మధ్య అమెరికా ప్రాంతాలు ఈ చెట్టుకు పుట్టినిల్లు. మాయా, అజ్టెక్ జాతుల ప్రజలు కోకో గింజలను వేయించి, నూరి, నీటిలో కలిపి, కొన్నిసార్లు మిరపకాయ కూడా చేర్చి, నురుగులు కక్కే పానీయంగా సేవించేవారు. పదహారవ శతాబ్దంలో స్పెయిన్ దేశీయుల ద్వారా ఈ పానీయం ఐరోపా చేరింది. అక్కడ దానికి పంచదార తోడయింది. 1828లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హౌటెన్ కుటుంబం కోకో ముద్ద నుండి వెన్నను పిండే పద్ధతికి పేటెంట్ పొందింది. కోకో పొడికి క్షారాన్ని కలిపి రుచిని మెత్తబరిచే పద్ధతి కూడా ఆ కుటుంబం పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. 1847లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఫ్రై సంస్థ కొరికి తినగల చాక్లెట్ బిళ్లను తయారుచేసింది. 1875లో స్విట్జర్లాండుకు చెందిన డేనియల్ పీటర్ దానికి పాలను జోడించాడు. అంటే చాక్లెట్ చరిత్ర చాలావరకు కోకోలోని చేదును, వగరును మరుగుపరుస్తూ వచ్చిన చరిత్రే.

కోకో నేడు తెలుగు నేలకు కొత్త పంట కాదు. ఆంధ్రప్రదేశ్‌లోని గోదావరి ప్రాంతంలో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల నీడలో రైతులు దీనిని అంతరపంటగా సాగు చేస్తున్నారు. చెట్టు మొదలుకే అంటుకొని కాసే కాయలను పగులగొడితే తెల్లని తియ్యని గుజ్జులో పొదిగిన గింజలు కనిపిస్తాయి. వాటిని కొన్ని రోజుల పాటు పులియబెట్టి, ఎండబెట్టి అమ్ముతారు. పులియబెట్టిన తరువాతనే ఆ గింజకు చాక్లెట్ వాసన అబ్బడానికి కావలసిన గుణం వస్తుంది.

కోకోలోని చేదుకు, వగరుకు కారణమైన పదార్థాలలో ఫ్లావనాల్‌లు ముఖ్యమైనవి. ఎపికాటెచిన్ అనేది వీటిలో ఒకటి. తేయాకు, ఆపిల్, ద్రాక్ష వంటి వాటిలో కూడా ఫ్లావనాల్‌లు ఉంటాయి. డార్క్ చాక్లెట్‌కు ఆపాదించే మేలంతా ప్రధానంగా వీటి మీదనే ఆధారపడి ఉంది. అయితే పులియబెట్టడంలోనూ, వేయించడంలోనూ, క్షారం కలపడంలోనూ ఇవి క్రమంగా నశిస్తాయి. 2008లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం, క్షారంతో బాగా శుద్ధిచేసిన కోకో పొడిలో ఫ్లావనాల్‌ల పరిమాణం సహజమైన పొడిలో ఉన్నదానిలో సుమారు తొమ్మిదవ వంతు మాత్రమే. రుచి కోసం చేసిన ప్రతి సంస్కారమూ మేలును కొంత హరిస్తుందన్న మాట. ఈ విషయాన్ని గుర్తుంచుకొని ముందుకు సాగాలి.

కూనా ప్రజల కథ

కోకోకు, రక్తపోటుకు గల సంబంధం మీద శాస్త్రజ్ఞుల దృష్టి పడడానికి పనామా దేశపు కూనా జాతి ప్రజలు కారణమయ్యారు. వీరు కరీబియన్ సముద్రంలోని సాన్ బ్లాస్ దీవులలో నివసిస్తారు. వయసు పెరిగిన కొద్దీ రక్తపోటు పెరగడం అనేక సమాజాలలో కనిపించే విషయం. ఈ దీవులలోని వృద్ధులలో మాత్రం ఆ పెరుగుదల కనిపించలేదు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వైద్యుడు నార్మన్ హాలెన్‌బర్గ్, ఆయన సహచరులు ఈ వింతను అధ్యయనం చేసి 1997లో ఫలితాలను ప్రకటించారు. దీవులను విడిచి పనామా నగరానికి వలస వెళ్లిన కూనా ప్రజలలో రక్తపోటు ఇతరులలో వలెనే పెరుగుతున్నట్లు తేలింది. కనుక ఇది పుట్టుకతో వచ్చిన రక్షణ కాదని స్పష్టమయింది. దీవులలోని వారు ఇంట్లో కాచుకొన్న కోకో పానీయాన్ని రోజూ పలుమార్లు తాగుతారనీ, నగరానికి వెళ్లినవారు ఆ అలవాటును చాలావరకు కోల్పోయారనీ పరిశోధకులు గుర్తించారు.

ఈ కథనం ఆకర్షణీయమైనది. కానీ వలస వెళ్లిన మనిషి జీవితంలో మారేది ఒక్క పానీయమే అనుకోవడానికి వీలులేదు. అతడు చేసే పని, తినే తిండి, శరీరశ్రమ, మనశ్శాంతి అన్నీ మారతాయి. రక్తపోటు పెరగడానికి వాటిలో ఏది కారణమో ఈ ఒక్క పరిశీలన చెప్పలేదు. అది పరిశోధనకు తలుపు తెరిచింది. తీర్పు చెప్పడానికి వేరే సాక్ష్యం కావలసి వచ్చింది.

రక్తనాళాలలో జరిగే పని

మన రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును స్వల్ప పరిమాణంలో విడుదల చేస్తూ ఉంటుంది. ఆ వాయువు ప్రభావంతో నాళపు గోడలలోని కండరాలు సడలి, నాళం కొంత విప్పారుతుంది. రక్తం సులభంగా ప్రవహిస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్ పాత్రను కనుగొన్నందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులకు 1998లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. కోకోలోని ఫ్లావనాల్‌లు రక్తనాళాలలో ఈ వాయువు లభ్యతను పెంచుతాయని ప్రయోగాలు సూచించాయి. కనుక కోకో వలన రక్తపోటు తగ్గవచ్చునన్న ఊహకు శరీరధర్మ శాస్త్రం నుండి సమర్థన దొరికింది.

సమర్థన దొరికినంత మాత్రాన ఫలితం దొరికినట్లు కాదు. నాళం విప్పారడం వేరు, గుండెపోటు తప్పడం వేరు. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని మనుషుల మీద చేసిన పరీక్షలతోనే కొలవాలి.

పరీక్షలు చెప్పిన మాట

నెదర్లాండ్స్‌లోని జుట్‌ఫెన్ పట్టణంలో 470 మంది వృద్ధులను 15 సంవత్సరాల పాటు గమనించి, 2006లో ఫలితాలను ప్రచురించారు. కోకో ఎక్కువగా తీసుకొన్నవారిలో రక్తపోటు తక్కువగా ఉంది. గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించే అవకాశం, తక్కువగా తీసుకొన్నవారితో పోలిస్తే, దాదాపు సగమే ఉంది. అయితే ఇది పరిశీలన మాత్రమే. ఎవరు ఏమి తినాలో పరిశోధకులు నిర్ణయించలేదు.

2007లో జర్మనీ పరిశోధకులు మరొక అడుగు ముందుకు వేశారు. రక్తపోటు సాధారణ స్థాయి కంటె కొంత ఎక్కువగా ఉన్న 44 మందిని రెండు బృందాలుగా చేశారు. ఒక బృందానికి రోజుకు 6.3 గ్రాముల డార్క్ చాక్లెట్, రెండవ బృందానికి ఫ్లావనాల్‌లు లేని వైట్ చాక్లెట్ ఇచ్చారు. 18 వారాల తరువాత మొదటి బృందంలో రక్తపోటు పై అంకె సగటున 2.9 మిల్లీమీటర్లు తగ్గింది. ఇక్కడ గమనింపదగినది మోతాదు. 6.3 గ్రాములంటే వేలి కొసపాటి చిన్న ముక్క.

ఇటువంటి చిన్న పరీక్షలను ఒకచోట చేర్చి తూకం వేసే పనిని కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ చేస్తుంది. 2017లో అది 1,804 మంది పాల్గొన్న 35 పరీక్షలను సమీక్షించి, కోకో ఉత్పత్తుల వలన రక్తపోటు సగటున 2 మిల్లీమీటర్లకు మించకుండా తగ్గుతున్నదని తేల్చింది. ఈ పరీక్షలలో అధికభాగం కొద్ది వారాలకు మాత్రమే పరిమితమైనవి. ఇక 2 మిల్లీమీటర్ల విలువ ఎంత? 150 ఉన్న రక్తపోటు 148 అవుతుంది. ఆ మనిషి ఇంకా రోగిగానే ఉంటాడు. వైద్యుడు ఇచ్చే మందు సాధారణంగా దీనికి అనేక రెట్లు తగ్గిస్తుంది. కనుక రక్తపోటు మాత్రలు మాని, చాక్లెట్‌ను ఆశ్రయించడం ప్రాణాపాయంతో కూడిన పని.

అన్నిటికంటె పెద్ద పరీక్ష అమెరికాలో జరిగింది. కాస్మోస్ అని పిలిచే ఈ పరీక్ష ఫలితాలు 2022లో వెలువడ్డాయి. 21,442 మంది పెద్దవయసు స్త్రీపురుషులలో కొందరికి రోజూ 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్‌లు గల మాత్రలు, మిగిలినవారికి చూడడానికి అదేవిధంగా ఉండే ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఎవరు ఏ మాత్ర వేసుకొంటున్నారో వారికి తెలియదు. సుమారు మూడున్నర సంవత్సరాల తరువాత చూడగా, గుండెపోటు, పక్షవాతం మొదలైన వాటి మొత్తం సంఖ్యలో నిర్ధారించదగిన తేడా కనిపించలేదు. హృద్రోగ మరణాలు మాత్రం ఫ్లావనాల్‌లు తీసుకొన్నవారిలో 27 శాతం తక్కువగా ఉన్నాయి. పరీక్ష ప్రధాన లక్ష్యం నెరవేరనందువలన, ఈ రెండవ ఫలితాన్ని ఆశాజనకమైన సూచనగా మాత్రమే పరిశోధకులు స్వీకరించారు. వారు వాడినది చాక్లెట్ కాదనీ, పంచదార గాని వెన్న గాని లేని మాత్ర అనీ మరవరాదు. చాక్లెట్ తయారుచేసే మార్స్ సంస్థకు చెందిన విభాగం ఈ పరీక్షకు ధనసహాయం చేసిందన్న విషయం కూడా తెలుసుకోదగినది. ధనసహాయం వలన పరిశోధన అబద్ధం కాదు. కానీ ఫలితంతో లాభం ముడిపడి ఉన్నచోట పాఠకుడు మరింత జాగ్రత్తగా చదవాలి.

2023లో అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ కూడా ఇదే జాగ్రత్తను పాటించింది. ఫ్లావనాల్‌లు అధికంగా గల కోకో పొడి హృద్రోగ ప్రమాదాన్ని తగ్గించవచ్చునని చెప్పుకోవడానికి అనుమతిస్తూనే, అందుకు ఆధారం చాలా పరిమితమని కూడా ముద్రించాలని నిబంధన పెట్టింది. ఆ అనుమతి చాక్లెట్‌కు వర్తించదు.

కాకతాళీయం

తాటిచెట్టు మీద కాకి వాలడం, అదే క్షణంలో తాటిపండు రాలడం జరిగితే, కాకి వలననే పండు రాలిందనుకోవడం పొరపాటు. దీనినే మన పెద్దలు కాకతాళీయ న్యాయం అన్నారు. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణం కాజాలదు. 2012లో మెస్సర్లీ అనే వైద్యుడు ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో చమత్కారమైన లెక్కను ప్రచురించారు. 23 దేశాలను పోల్చి చూడగా, ప్రజలు చాక్లెట్ ఎక్కువగా తినే దేశాలలో జనాభాను బట్టి నోబెల్ బహుమతులు కూడా ఎక్కువగా ఉన్నట్లు ఆ లెక్క చూపింది. రెండింటిలోనూ స్విట్జర్లాండు అగ్రస్థానంలో ఉంది. చాక్లెట్ తింటే నోబెల్ బహుమతి వస్తుందని దీని అర్థం కాదు. సంపన్న దేశాలలో చాక్లెట్ కొనగల స్తోమతు, పరిశోధనశాలలు నడపగల స్తోమతు రెండూ ఉంటాయి. కలిమి అన్న మూడవ కారణం రెండింటి వెనుకా నిలిచి ఉంది.

2015లో జరిగిన మరొక సంఘటన ఇంకా గట్టి హెచ్చరిక. ఆహారవార్తలు ఎంత తేలికగా వ్యాపిస్తాయో చూపదలచి, జాన్ బొహానన్ అనే విలేఖరి, జర్మనీకి చెందిన చిత్రనిర్మాతలు కలిసి ఒక పరీక్ష నిర్వహించారు. కేవలం 15 మందిని మూడు బృందాలుగా చేసి, మూడు వారాల పాటు బరువు, కొలెస్ట్రాల్, నిద్ర మొదలైన 18 అంశాలను కొలిచారు. ఇంత తక్కువమందిలో ఇన్ని అంశాలను కొలిస్తే, ఏదో ఒకటి యాదృచ్ఛికంగానైనా అనుకూలంగా వస్తుంది. చాక్లెట్ తిన్నవారు త్వరగా బరువు తగ్గారన్న ఫలితం అలాగే వచ్చింది. దానిని ఒక పత్రిక పరిశీలన లేకుండానే ప్రచురించింది. అనేక దేశాల వార్తాపత్రికలు దానిని ప్రముఖంగా అచ్చువేశాయి. ఆ తరువాత బొహానన్ తానే గుట్టు విప్పారు. ఈ కథను నమ్మిన పాఠకులలో ఒక్కరైనా ఎంతమంది మీద పరీక్షించారు అని ప్రశ్నించి ఉంటే, మొదటి రోజే నిజం తేలిపోయేది.

మిగిలిన ద్రవ్యాల మాట

చాక్లెట్‌లో ఫ్లావనాల్‌లు మాత్రమే ఉండవు. కోకో పాలు 70 నుండి 85 శాతం ఉన్న డార్క్ చాక్లెట్ 100 గ్రాములలో దాదాపు 600 కేలరీల శక్తి, 43 గ్రాముల కొవ్వు, 24 గ్రాముల పంచదార ఉంటాయి. కొవ్వులో సగానికి పైగా సంతృప్తమైనదే. ఇందులో మూడవ వంతు వరకు ఉండే స్టియరిక్ ఆమ్లం కొలెస్ట్రాల్‌ను పెద్దగా పెంచకపోవడం కొంత ఊరట. అయినా రోజుకొక పెద్ద బిళ్ల తినేవారికి ఒంట్లో చేరే కేలరీలు బరువును పెంచుతాయి. పెరిగిన బరువు రక్తపోటును పెంచుతుంది. మేలు కోరి తిన్నదే కీడుకు దారితీస్తుంది.

డార్క్ చాక్లెట్‌లో ఇనుము సమృద్ధిగా ఉంటుందన్న ప్రచారాన్ని కూడా సరిగా అర్థం చేసుకోవాలి. 100 గ్రాములలో సుమారు 12 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నమాట నిజం. కానీ కోకోలోని పాలీఫినాల్ పదార్థాలు శరీరం ఇనుమును గ్రహించకుండా అడ్డుపడతాయి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో 15 నుండి 19 ఏళ్ల బాలికలలో సుమారు 59 శాతం మంది రక్తహీనతతో బాధపడుతున్నారు. అటువంటి బాలిక ఇనుప ధాతువు మాత్రకు బదులు చాక్లెట్‌ను నమ్ముకొంటే నష్టపోతుంది.

ఇంకొక అంశం సీసం, కాడ్మియం అనే లోహాలు. కాడ్మియం నేలలో నుండి వేళ్ల ద్వారా గింజలోకి చేరుతుంది. సీసం చాలావరకు గింజలను ఆరుబయట ఎండబెట్టేటప్పుడు దుమ్ము ద్వారా అంటుతుంది. 2022లో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 28 రకాల డార్క్ చాక్లెట్లను పరీక్షించగా, అన్నింటిలోనూ ఈ లోహాలు కనిపించాయి. కోకో పాలు ఎక్కువైతే ఈ లోహాల పాలు కూడా ఎక్కువయ్యే అవకాశం ఉంది. అప్పుడప్పుడు ఒక ముక్క తినేవారికి భయం అక్కరలేదు. గర్భిణులు, చిన్నపిల్లలు రోజూ తినకపోవడం మంచిది. కోకోలో కెఫీన్ ఉన్నందువలన రాత్రి పొద్దుపోయాక తింటే కొందరికి నిద్ర పట్టదు.

కొనేవారు గమనించవలసినవి

చాక్లెట్ పొట్లం మీద ద్రవ్యాలను బరువును బట్టి అవరోహణ క్రమంలో ముద్రిస్తారు. మొదటి పేరు పంచదార అయితే, పొట్లం ఎంత నల్లగా ఉన్నా లోపల ఉన్నది ప్రధానంగా పంచదారే. కోకో వెన్నకు బదులు వనస్పతి కొవ్వులు చేర్చారేమో చూడాలి. 70 శాతం కోకో అన్న అంకె కోకో పొడిని, వెన్నను కలిపి చెప్పే లెక్క. ఫ్లావనాల్‌లు ఎన్ని మిగిలాయో ఆ అంకె చెప్పదు. రుచి నచ్చినవారు పది, ఇరవై గ్రాములకు మించకుండా, మరొక మిఠాయికి బదులుగా తినవచ్చు. నచ్చనివారు ఆరోగ్యం పేరిట బలవంతాన తినవలసిన పని లేదు. వారికి పంచదార లేని తేనీరు, ఒక ఆపిల్ ఫ్లావనాల్‌లను అందిస్తాయి.

దీనిని బట్టి తేలిన సారం ఇది. కోకో గింజలో మేలు చేసే గుణం కొంత ఉంది. అది రక్తపోటును కొద్దిగా తగ్గిస్తుంది. ఆ గుణం గింజ నుండి బిళ్లకు చేరేలోపల చాలావరకు తరిగిపోతుంది. దానితోపాటు కొవ్వు, పంచదార వచ్చి చేరతాయి. కనుక డార్క్ చాక్లెట్‌ను మంచి చిరుతిండిగా భావించవచ్చును గాని మందుగా భావించరాదు. ఇటువంటి వార్త మరేదైనా ఎదురైనప్పుడు విద్యార్థి వేయవలసిన ప్రశ్నలు నాలుగు ఉన్నాయి. ఎంతమంది మీద పరీక్షించారు? ఎంత మోతాదు ఇచ్చారు? దేనితో పోల్చారు? ఖర్చు ఎవరు భరించారు? ఈ ప్రశ్నలు పసుపుకు, తేనెకు, నేతికి, రేపు రాబోయే మరొక వింత ఆహారానికి కూడా సమానంగా వర్తిస్తాయి.

అభ్యాసం

అ. ఈ క్రింది ప్రశ్నలకు విపులంగా సమాధానాలు రాయండి.
1. డార్క్ చాక్లెట్ ఆరోగ్యానికి మేలు చేస్తుందన్న అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా సమీక్షించండి.
2. కూనా ప్రజల అధ్యయనానికి, కాస్మోస్ పరీక్షకు గల భేదాలను వివరించండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. కాకతాళీయ న్యాయం అంటే ఏమిటి? పాఠంలోని ఉదాహరణతో తెలపండి.
2. రక్తనాళాలలో నైట్రిక్ ఆక్సైడ్ చేసే పని ఏమిటి?
3. ఇనుము లోపం ఉన్నవారు చాక్లెట్ మీద ఎందుకు ఆధారపడరాదు?

ఇ. మీ ఇంట్లో వాడే ఏదైనా ఒక ఆహారపదార్థం మీద పత్రికలలో వచ్చిన వార్తను తీసుకొని, పాఠం చివర చెప్పిన నాలుగు ప్రశ్నలతో పరిశీలించి, ఒక పుటకు మించకుండా వ్యాసం రాయండి.